వాల్తేరు బంగళా కాగితాల కట్ట: విప్పి చేసిన తప్పు, మళ్లీ కట్టిన తీరు

నేను విశాఖ తీరానికి సంబంధించిన పాత కాగితాలు సేకరిస్తాను. పాత కాగితాలంటే తాళపత్రాలో జమీందారుల సనదులో కాదు, వాడుకుని పారేసేవి. హోటల్ బిల్లులు, రైలు పార్సిల్ రసీదులు, సముద్రం బొమ్మ ఉన్న పిక్చర్ పోస్టుకార్డులు, బంగళా అద్దెకు ఇస్తామని అచ్చు వేయించిన చీటీలు, సినిమా హాలు బయట అమ్మిన పాటల పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, బస్సు టికెట్లు. వాల్తేరు నుంచి భీమిలి దాకా, దొరికితే ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌వి కూడా. ఒకప్పుడు ఈ తీరమంతా గాలి మార్పు కోసం వచ్చేవాళ్ల చోటు. 1890ల్లో ఈస్ట్ కోస్ట్ రైలు లైను పడ్డాక కలకత్తా వాళ్లు దసరా సెలవులకీ చలికాలానికీ వచ్చేవారు, రాయపూర్ – విజయనగరం లైను 1931లో పూర్తయ్యాక ఎండలకి తట్టుకోలేని అటువైపు వాళ్లు వేసవిలో దిగడం మొదలుపెట్టారు. వాళ్లు ఎక్కడ ఉన్నారు, ఏం తిన్నారు, ఎంత ఇచ్చారు అనేది పుస్తకాల్లో పెద్దగా దొరకదు, ఈ చిత్తుకాగితాల్లోనే దొరుకుతుంది.

ఈ పనిలో నేను చేసిన అతి పెద్ద తప్పు, దాన్ని సరిచేయడానికి పట్టిన కాలం, మధ్యలో నేర్చుకున్నవి రాద్దామని కూర్చున్నాను. ఇలాంటి కట్ట ఏదైనా మీ ఇంట్లో అటక మీద ఉంటే, విప్పే ముందు ఇది చదవండి.

2012లో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో పాత పేపర్ల కొట్టుకి వెళ్లాను. అప్పటికి నేను అక్కడ తెలిసిన మొహమే. గుట్టలో అడుగున పురికొసతో కట్టిన ఒక కట్ట కనపడింది, పైన ఒక మందపాటి అట్ట, దాని మీద నల్ల సిరాతో బంగళా అని తెలుగులో రాసి ఉంది. కొట్టాయన "ఏటి చేస్తారు బాబూ ఈ చిత్తుకాగితాలు, పురుగు తినేసింది, చేత్తో ముట్టుకుంటే రాలిపోతాది" అన్నాడు. రెండు వందలు ఇచ్చి తెచ్చుకున్నాను. లెక్కపెడితే 61 కాగితాలు. చినవాల్తేరు వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక బంగళాని సీజన్లో అద్దెకిచ్చేవారు, ఇంటి యజమాని వేరే ఊళ్లో ఉండేవాడు, ఇక్కడ ఒక గుమాస్తా అన్నీ చూసుకునేవాడు. ఈ కట్ట ఆ గుమాస్తాది. అద్దెకు వచ్చేవాళ్లు ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలు, వాటికి ఏం జవాబివ్వాలో పక్కన ఆయన తెలుగులో రాసుకున్న ముక్కలు, కూలి లెక్కలు, కిరాణా చీటీలు, మంచాలు ఎన్ని బిందెలు ఎన్ని అంటూ సామాన్ల జాబితాలు, రెండు మూడు టెలిగ్రాములు, మనియార్డరు రసీదులు. ఎక్కువ భాగం 1934 నుంచి 1942 మధ్యవి.

ఆ రాత్రి సంతోషం పట్టలేక నేను చేసిన పని ఏమిటంటే, పురికొస కోసేశాను, తుప్పు పట్టిన గుండుసూదులన్నీ ఊడబీకాను, కాగితాలన్నీ రకాల వారీగా విడదీశాను. పోస్టుకార్డులు పోస్టుకార్డుల ఆల్బంలోకి, టెలిగ్రాములు ఇంకో ఫైల్లోకి, లెక్కల చీటీలు ఒక అట్టపెట్టెలోకి, తపాలా బిళ్ల బాగున్న కవర్లు ఒక పక్కకి. అప్పటికి నా సేకరణ అంతా అలాగే ఉండేది. పుస్తకాల షాపులో సరుకు సర్దినట్టు నీట్‌గా ఉందని ఎంతో తృప్తిపడ్డాను కూడా. ఒక్క ఫోటో తీయలేదు, ఏది దేని కింద ఉందో ఒక్క ముక్క రాసుకోలేదు. పైగా నెల తిరక్కుండా, ఆ కట్టలోని డాల్ఫిన్స్ నోస్ కొండ బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి హైదరాబాద్‌లో ఉన్న మరో సేకర్తకి ఇచ్చి, బదులుగా బెంగాల్ నాగపూర్ రైల్వే టైంటేబుల్ ఒకటి తీసుకున్నాను. విశాఖ బొమ్మ ఉన్న కార్డు మీద రాయపూర్ పోస్టాఫీసు ముద్ర ఉండటం నాకు పెద్ద లోపంలా అనిపించింది. ఇక్కడ పోస్టు చేసిన కార్డయితే ఉంచుకునేవాణ్ణి.

తర్వాత హుద్‌హుద్ తుఫాను వచ్చింది. 2014 అక్టోబర్ 12న మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, ఆల్బంలు పెట్టుకున్న గదిలోకే వాన కొట్టింది. కరెంటు లేదు, ఫ్యాను లేదు, బయట గాలిలో కూడా చెమ్మే. అప్పుడు తెలిసింది, నేను డబ్బు పెట్టి కొన్న పీవీసీ కవర్ల ఆల్బంలే ఎక్కువ దెబ్బతీశాయని. తడిసిన కార్డుల నిగనిగలాడే పైపొర ఆ ప్లాస్టిక్‌కి అతుక్కుపోయింది, లాగితే బొమ్మ ప్లాస్టిక్‌తో పాటే వచ్చేసింది. పదకొండు కార్డులు అలా పోయాయి. అదే గదిలో, అమ్మ పాత చీర ముక్కలో మూటకట్టి రేకు ట్రంకుపెట్టెలో పడేసిన లెక్కల చీటీలు మాత్రం అంచులు చెమ్మగిల్లాయి తప్ప క్షేమంగా ఉన్నాయి. మన పెద్దవాళ్లు తాళపత్రాల్ని గుడ్డలో చుట్టి, పక్కన వసకొమ్ము పెట్టి ఎందుకు దాచేవారో ఆ రోజు అర్థమైంది. గుడ్డ చెమ్మని పీల్చుకుంటుంది, వదులుతుంది. పీవీసీలో అయితే చెమ్మ లోపలే ఉండిపోతుంది, కొన్నేళ్లకి ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆమ్లం కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. ఇప్పుడు నేను వాడేది పాలియెస్టర్ కవర్లు, ఆమ్లం లేని కాగితం, పైన ఉతికిన నూలు గుడ్డ. సెల్లోటేపు, లామినేషన్ రెండూ మా ఇంట్లో నిషేధం. టేపు జిగురు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది, లామినేషన్ చేసినదాన్ని మళ్లీ విడదీయలేం. చిరుగు ఉంటే అలాగే వదిలేయడం మేలు.

తడిసినవాటిని నీడలో, అచ్చులేని తెల్లకాగితాల మీద ఆరబెడుతూ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నప్పుడే మొదటిసారి వాటిని చదివాను. అప్పటిదాకా చూశానే గానీ చదవలేదు. లెక్కల చీటీల్లో ఒకచోట "ఉ.నీ. 2 కా. 0-1-0" అని ఉంది. 0-1-0 అంటే ఒక అణా, అది తెలుసు: మొదటి అంకె రూపాయలు, రెండోది అణాలు, మూడోది పైసలు కాదు, పైలు, అణాకి 12 పైలు, రూపాయికి 16 అణాలు. కానీ ఉ.నీ. ఏమిటి? అమ్మని అడిగితే "ఉలవలు, నీరుల్లిపాయలు అయ్యుంటాయి" అంది. బాగానే కుదిరినట్టు అనిపించింది గానీ, రోజు విడిచి రోజు, నెల పొడుగునా, ఒకే లెక్కన ఉలవలు ఎవరు కొంటారు? పైగా ఆ 2 కా. ఏమిటో తేలలేదు.

జవాబు నా దగ్గరే ఉంది, వేరే ఫైల్లో. మూడు నెలల తర్వాత ఉత్తరాలు స్కాన్ చేస్తుంటే ఒకటి కంటపడింది. రాయపూర్ నుంచి ఒకాయన రాశాడు, మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇసుకలో నడిచి సముద్రం దాకా రాలేరు, వైద్యుడు ఉప్పునీటి స్నానం చేయించమన్నాడు, ఇంటికే నీళ్లు తెప్పించే ఏర్పాటు చేయగలరా అని. పక్కన గుమాస్తా పెన్సిల్‌తో రాసుకున్నది: "కావిడి మనిషితో మాట్లాడవలెను." ఉప్పు నీళ్లు, రెండు కావిళ్లు, ఒక అణా! ఆ క్షణంలో కలిగిన సంతోషం వెంటనే దిగులుగా మారింది. ఈ ఉత్తరమూ ఆ చీటీ బహుశా ఒకే గుండుసూదికి గుచ్చి ఉండేవి. ఆ సూది పీకింది నేనే. ఇలాంటి జతలు ఇంకెన్ని విడదీశానో కదా అని చాలా రోజులు నిద్ర పట్టలేదు.

కట్టని మళ్లీ కట్టాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. తేదీలు ఉన్నవి సులువు, వరసలో పెట్టేశాను. కానీ సగానికి పైగా తేదీల్లేనివి, కిరాణా చీటీ మీద తేదీ ఎవరు వేస్తారు.

మామూలుగా తేదీ లేని కాగితం వయసు పట్టడానికి మాకు కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. నయా పైసలు అని ఉంటే అది 1957 ఏప్రిల్ తర్వాత, 1964 లోపు. లెటర్‌హెడ్ మీద ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ ఆఖరు దాకా, ఆ మూడేళ్లే. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. రైలు టికెట్ మీద స్టేషన్ పేరు వాల్తేరు అని ఉంటే 1987కి ముందు. ఫోటో అయితే ఓడరేవు వైపు చూస్తాం. రేవు 1933లో ఓడలకి తెరుచుకుంది, కెరటాల్ని ఆపడానికి దాని ముందు రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా చేశారు, కాబట్టి డాల్ఫిన్స్ నోస్ కింద ఆ అడ్డుకట్ట కనిపించిందంటే ఆ ఫోటో రేవు కట్టడం మొదలయ్యాకదే. తపాలా బిళ్ల మీద రాజుగారి మొహం కూడా సాయపడుతుంది, ఐదో జార్జి 1936లో పోయాడు. ఇవన్నీ దశాబ్దం తేల్చడానికి పనికొస్తాయి. నాకు కావలసింది దశాబ్దం కాదు, ఒక కాగితం ఇంకో కాగితానికి పైన ఉందా కింద ఉందా అన్నది.

ఆ దారి పురుగు చూపించింది. ఆ కట్టని పైనుంచి కిందకి పురుగు తొలిచింది. ఒకే పురుగు ఒక కాగితంలోంచి దాని కింది కాగితంలోకి, అక్కడి నుంచి ఇంకో కిందిదాంట్లోకి దిగుతుంది కాబట్టి పక్కపక్క కాగితాల్లో చిల్లు దాదాపు ఒకే చోట, ఒకే ఆకారంలో ఉండాలి, లోపలికి పోయేకొద్దీ కొంచెం పక్కకి జరుగుతూ పోవాలి. అన్నిటినీ ఒకే కొలతలో 600 డీపీఐలో స్కాన్ చేశాను, ఒక్కోదాని చిల్లుల్ని ట్రేసింగ్ పేపర్ మీద గీశాను, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దం మీద వెలుతురుకి చూశాను. మూడు వారాలు కూర్చున్నా ఒక్క జత కలవలేదు. నా ఆలోచనే తప్పేమో అనుకున్నాను.

పొరపాటు ఎక్కడంటే, నేను ఉత్తరాల్ని విప్పి చదును చేసి స్కాన్ చేశాను. కట్టలో ఉన్నప్పుడు అవి మడత పెట్టి ఉండేవి. మడిచిన కాగితంలో పురుగు దిగితే, విప్పినప్పుడు ఒక చిల్లు మడతకి అటూ ఇటూ రెండు చిల్లులుగా కనిపిస్తుంది, అద్దంలో బొమ్మలాగా. ఎనభై ఏళ్ల మడత గీత కాగితం మీద నల్లగా మిగిలే ఉంటుంది కదా, ట్రేసింగ్ కాగితాల్ని ఆ గీతల వెంబడే మళ్లీ మడిచాను (అసలువాటిని మడవలేదు, మడిస్తే విరిగిపోతాయి). ఆ సాయంత్రమే నాలుగు జతలు దొరికాయి. ఆ తర్వాత సూదుల తుప్పు మచ్చలు కూడా మాట్లాడటం మొదలుపెట్టాయి: సూది గుచ్చిన కాగితం మీద ముదురు గోధుమరంగు, దానికి ఆనుకున్న కాగితం మీద అదే ఆకారం లేతగా. పెద్ద చిల్లులకి ఒక రంగు, చిన్నవాటికి ఒక రంగు, తుప్పుకి ఒక రంగు పెట్టుకుని రోజూ ఆఫీసు నుంచి వచ్చాక గంట చొప్పున ఏడాదిన్నర చేశాను. ఇంట్లో వాళ్లు ఓపిక పట్టారు, హాల్లో బల్లంతా నాదే అయిపోయింది.

వరస ఏర్పడుతున్నకొద్దీ ఆ బంగళా కదలడం మొదలుపెట్టింది. కలకత్తా వాళ్లు దిగే ముందు చేపల మనిషికి ముందస్తు ఇచ్చిన చీటీ, వాళ్లు వెళ్లాక సామాన్ల జాబితాలో "బిందె 1 తక్కువ", ఆ వెంటనే బిందె ఖరీదు అడుగుతూ రాసిన జవాబు ముసాయిదా, దాని కింద డబ్బు ముట్టినట్టు రసీదు. విడివిడిగా చూసినప్పుడు వీటిలో ఏ ఒక్కదాని మీదా నాకు ఆసక్తి కలగలేదు. వేలంలో ఎవరూ పది రూపాయలు కూడా పెట్టరు.

ఒకచోట మాత్రం వరస తెగింది. ఉప్పు నీళ్ల చీటీలు అయిపోయాక ఉన్న కాగితానికీ దాని తర్వాతి కాగితానికీ మధ్య చిల్లు ఒక్కసారిగా జరిగిపోయింది, మధ్యలో కార్డంత మందం ఉన్నదేదో ఉండాలి. నాకు వెంటనే గుర్తొచ్చింది. హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేశాను. "ఆ కార్డు ఒకసారి చూపిస్తారా సార్, వెనక్కి ఇవ్వమని కాదు, చిల్లు ఎక్కడుందో కావాలి" అన్నాను. ఆయన రెండు వైపులా స్కాన్ చేసి, పక్కన స్కేలు పెట్టి మరీ పంపారు. సరిగ్గా కూర్చుంది. అప్పుడు ఆ కార్డు వెనకవైపు చదివాను, మూడేళ్ల కిందట నా చేతిలో ఉన్నప్పుడు చదవనిది. వాల్తేరులో కొనుక్కున్న కార్డుని ఇంటికి వెళ్లాక రాయపూర్ నుంచి పోస్టు చేశారు, అందుకే ఆ ముద్ర. రాసింది నాలుగు వరుసలే: క్షేమంగా చేరాం, అమ్మ రైలు దిగి జట్కా దాకా ఎవరి సాయం లేకుండా నడిచింది, కావిడి మనిషికి చెప్పండి.

ఆయన తర్వాత ఆ కార్డు నాకే ఇచ్చేశారు, నేను టైంటేబుల్ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఈ మధ్యలో విదేశంలో ఉండే ఒకరు ఈ కట్ట మొత్తం కొంటామన్నారు, మంచి ధరే చెప్పారు. నేను ఎలాగూ ఇవ్వను గానీ, ఇలాంటివి సేకరించేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, పత్రాలు 75 ఏళ్లు దాటితే పురావస్తువుల కిందకి వస్తాయి, మామూలు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. మిగతా వస్తువులకి 100 ఏళ్లు. పోస్టులో పంపేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాళ్లు ఉన్నారు, అది తప్పు. ఇంకో మాట, ఉత్తరాల్లో ఉన్న మనుషుల పేర్లు నేను బయటపెట్టను. వాళ్ల మనవలు, మునిమనవలు ఎక్కడో ఒకచోట ఉంటారు.

ఇప్పుడు కొత్త కట్ట ఏది దొరికినా ముందు విప్పను. పైనా కిందా నాలుగు పక్కలా ఫోటోలు తీస్తాను, తర్వాత ఒక్కో కాగితం తీసే కొద్దీ దాని వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తో అంకె వేస్తాను, ఎక్కడ దొరికిందో ఎవరు ఇచ్చారో వేరే నోటుబుక్కులో రాస్తాను. తుప్పు సూదిని లాగను, అడుగున పలచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, మెల్లగా వదులు చేసి తీస్తాను. కొట్టాయనకి కూడా చెప్పి పెట్టాను, కట్టలు విప్పొద్దు, విప్పకుండా ఇస్తే కిలోకి ఎక్కువ ఇస్తానని. ఆయన ఇప్పుడు ఫోన్ చేసి "బాబూ, ముడి ఇప్పలేదు, అలాగే ఉంచాను" అంటాడు.

61లో 43 కాగితాలు వాటి చోటికి వచ్చాయి. కట్ట చివరికి వచ్చేసరికి పురుగు చిల్లులు సన్నబడి ఆగిపోయాయి, అక్కడి నుంచి తేదీలే ఆధారం. 1942 మార్చిలో రాయపూర్ వాళ్లు ఆ వేసవికి కూడా బంగళా కావాలని 15 రూపాయలు అడ్వాన్సు పంపారు. ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి, ఊరు సగం ఖాళీ అయిపోయింది. ఏప్రిల్ 19న వాళ్లు మళ్లీ రాశారు: మేం రాలేము, మీరు క్షేమమా, వీలైతే అడ్వాన్సు పంపండి, వీలు కాకపోతే ఉండనివ్వండి. దాని తర్వాత గుమాస్తా చేతిరాత ఎక్కడా లేదు.

మిగిలిన 18 కాగితాలు చోటు తెలియనివి అని రాసిన కవర్లో ఉన్నాయి. వాటిలో ఒక మనియార్డరు రసీదు ఉంది, 15 రూపాయలకి. పోస్టాఫీసు ముద్ర అలికిపోయి సంవత్సరం కనపడదు, చిల్లు లేదు. ఎడమ మూలన తుప్పు మచ్చ లాంటిది లేతగా ఉంది. ఏప్రిల్ 19 ఉత్తరం మూలన కూడా ఒక మచ్చ ఉంది గానీ, హుద్‌హుద్ నీళ్లు ఆ మూలనే తగిలి అంచులు చెదిరిపోయాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తూనే ఉన్నాను.